పాటలో ఇరవై, తాడులో పదిహేడు

ఆ ఒక్క రోజున మేము పోగొట్టుకున్నవి ముందుగా రాసేస్తాను. పదిహేడు మంది ఆడవాళ్ళ ఒక రోజు కూలి, అంటే పదిహేడు కుంచాల ధాన్యం. రానూ పోనూ పదహారు మైళ్ళ నడక. అర్జీ రాసిపెట్టినాయనకి ఇచ్చిన రెండు రూపాయలు. కచేరి అరుగు మీద మరిచిపోయిన ఇత్తడి చెంబు ఒకటి. నాతో మాట్లాడడం మానేసిన ఆడవాళ్ళు ఐదుగురు. వాళ్ళలో ముగ్గురు ఏడాది తిరిగాక మళ్ళీ మాట్లాడారు కాబట్టి నికరంగా పోయినవాళ్ళు ఇద్దరు. ఇరవై మూడు చరణాల పాట ఒకటి. దాన్ని ఆ తరవాత ఎవరూ మొదటినుంచి చివరిదాకా పాడలేదు.

ఇవన్నీ నేను నోరు తెరిచి ఒక్క మాట అన్నందుకు పోయాయి. ఆ మాట నిజమే. నిజమైనంత మాత్రాన ఖర్చు రాయకుండా ఉండలేను.

అవి అరవైల ఆఖరు రోజులు. మా ఊరు అప్పటికి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. విజయనగరం ఇంకా వేరే జిల్లా కాలేదు. రైలెక్కాలంటే చీపురుపల్లి దాకా నడిచి వెళ్ళాలి. నాకు పందొమ్మిదేళ్ళు. రెండో తరగతితో బడి మానేశాను. సంతలో మా అమ్మ మిరపకాయలు అమ్ముతుంటే పక్కన కూచుని చిల్లర చూసుకునేదాన్ని. ఎక్కాలు అలా వచ్చాయి, ఒకరు నేర్పింది కాదు. ఇప్పుడు గోగునార కాటా దగ్గర తూకాలు రాస్తున్నాను. చదువుకున్న గుమాస్తాలు కూడా తమ మొత్తం నా మొత్తంతో సరిచూసుకుంటారు. ఇది గొప్పకి రాయడం లేదు. ఇక్కడ నేను వేసే అంకెల్ని నమ్మవచ్చని చెప్పడానికి రాస్తున్నాను.

పాట కట్టింది మా పెద్దమ్మ కూతురు. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప నాకంటే ఐదేళ్ళు పెద్ద. ఎనిమిదో తరగతి దాకా చదివింది. పెళ్ళి చేసి పంపితే ఏడాదిన్నర ఉండి, ఒక పొద్దున్న తన రేకు పెట్టె తనే నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చింది. ఎందుకొచ్చావని వీధిలో అడిగిన ప్రతివాళ్ళకీ కథ చెప్పే ఓపిక లేక ఒక పాట కట్టింది.

"కొట్టిన సెయ్యికి గాజులు లేవు, 
దెబ్బతిన్న ఈపుకి నోరు లేదు, 
నోరున్న దాన్ని నానొచ్చినాను, 
తలుపు తియ్యండోలమ్మా."

వారం తిరగకుండా నూతి దగ్గర ఆడవాళ్ళందరి నోటా అదే పాట. మగవాళ్ళకి నచ్చలేదు. వరసకి మావ అయ్యే ఒకాయన బండి మీద పోతూ, "ఏటే, మొగుణ్ణొగ్గీసి పాటలు కడతన్నావంట?" అన్నాడు.

"ఒగ్గీలేదు మావా, దించీసినాను. బరువెక్కువైపోనాది" అంది అప్ప.

బతకడానికి ఆమె మాతోపాటే కూలికొచ్చేది. మా వైపు వరినాట్లని ఉభాలంటారు. ఉభాలకి పాట ఎందుకంటే, వరస మొత్తం వెనక్కి నడుస్తూ నాటాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే మొక్కల మధ్య దూరం చెడిపోతుంది. కొసన నిలబడిన మనిషి పాట ఎత్తుకుంటే, అందుకునే మాటకి అందరి చేతులూ ఒకేసారి బురదలో దిగుతాయి. పాడే మనిషి మంచిదైతే మధ్యాహ్నానికే మడి అయిపోతుంది. మేము కూలికెళ్ళే మడుల పెద్దరైతుకి ఆ సంగతి తెలుసు. అప్ప నాలుకంటే ఆయనకి పడదు, అయినా ఉభాలకి ముందు మనిషిని పంపి పిలిపించేవాడు.

కూలి ధాన్యంలోనే. మగవాడికి రోజుకి కుంచం, ఆడదానికీ కుంచం. వినడానికి సమానమే. అయితే మగవాడి కుంచం రాశి పోసి ఇచ్చేవారు, పైన గోపురంలా నిలిచేలా. మా కుంచం మీద కర్ర అడ్డంగా లాగి, అంచుకి సరిగా తలకొట్టి ఇచ్చేవారు. మా అమ్మమ్మ కాలం నించీ అంతే. ఎవరూ అడిగింది లేదు. ఉభాలు మొదలయ్యే ముందురోజు నేను ఇంట్లో మా కుంచం నిండా రాశి పోసి, పైన ఉన్నది కర్రతో చేటలోకి లాగి, ఆ లాగినదాన్ని తవ్వతో కొలిచాను. సరిగ్గా తవ్వ నిండింది. నమ్మకం చాలక ఇంకో రెండుసార్లు కొలిచాను. రెండుసార్లూ తవ్వే. కుంచానికి ఎనిమిది తవ్వలు. అంటే మగవాడికి రోజుకి తొమ్మిది, మాకు ఎనిమిది.

అప్పతో చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపి, "మల్లీ సెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. మర్నాడు మడిలో కొత్త పాట ఎత్తుకుంది.

"మొగోడి కుంచం మీన కొండంత రాశి, 
ఆడదాని కుంచం మీన అరసేతి సదును, 
ఒంగిన నడుములు ఒకటే గాదా, 
ఓలమ్మో, ఒకటే గాదా."

ఆ ఏడు ఉభాలు ఇరవై మూడు రోజులు సాగాయి. రోజుకో చరణం కలిపింది. ఏ మడి నాటామో, ఎంతమంది నాటామో, రాశి లేని కుంచాలు ఎన్ని తెచ్చుకున్నామో చరణంలో ఉండేది. మా పదిహేడు మందిలో సంతకం చెయ్యగలిగింది అప్ప ఒక్కతే. మిగతావాళ్ళకి ఆ పాటే చిట్టా.

అయితే పాటలో మేము పదిహేడు మందిమి కాము. ఇరవై మందిమి. మా వైపు పనిలో ఉన్న మనుషుల తలలు లెక్కపెట్టి పైకి చెప్పరు. ఉన్న లెక్క ఉన్నట్టు చెబితే దిష్టి తగిలి, వచ్చే ఏడు ఒక తల తగ్గుతుందని భయం. అందుకని పాడే మనిషి ఎప్పుడూ ఒకరిద్దర్ని కలిపి పాడుతుంది. అప్ప ముగ్గుర్ని కలిపింది.

నాకు మాత్రం లెక్కపెట్టకుండా ఉండడం చేతకాదు. గోగునార తాడు ఒకటి మొలలో దోపుకుని, రోజూ గట్టు మీద కూచుని మనిషికో ముడి వేసేదాన్ని. రాని మనిషి వరసలో ముడి వెయ్యకుండా జాగా వదిలేదాన్ని. ఒక ముసలావిడ కనిపెట్టి తిట్టింది.

"ఓలె గుంటా, తలలు లెక్కెడతన్నావేటే? మా మీన మన్నెయ్యాలనా?"

"తలలు కాదు పిన్నీ, కుంచాలు."

"కుంచం మోసేది తల కాదేటే!"

అందరూ నవ్వారు. నేను కొంగు చాటున ముడులు వేస్తూనే ఉన్నాను. ఉభాలు అయ్యేసరికి తాడుకి మూడు వందల డెబ్బై తొమ్మిది ముడులు. పదిహేడు మంది ఇరవై మూడు రోజులు వస్తే మూడు వందల తొంభై ఒకటి కావాలి. జ్వరాలకీ పురుళ్ళకీ మొత్తం పన్నెండు రోజుల నాగా.

ఆఖరి మడి అయిన మర్నాడు అప్ప మమ్మల్ని వెంటబెట్టుకుని పెద్దరైతు అరుగు ముందు నిలబడింది.

"ఒకటే కుంచం ఇత్తన్నాను గదే. ఇంకేటి కావాలి మీకు?" అన్నాడాయన.

"కుంచం ఒకటే బాబూ. దాని నెత్తి మీనదే రెండు రకాలు."

"మొగోడు నారుకట్టలు మోస్తాడు. మీరు ఒంగుంటారు, అంతే గదా."

"నడుమొంగితే కూలి కూడా ఒంగుతాదేటి బాబూ?"

ఆయన వెనకాల నిలబడ్డ పాలేర్లు కిసుక్కుమన్నారు. ఆయనకి అక్కడ కోపం వచ్చింది. "అంత గొంతున్నదానివి కచేరీకెల్లి పాడుకో. నాకేటి సెప్తావు" అన్నాడు.

అప్ప ఆ మాటని అలాగే పట్టుకుంది. తాలూకా కచేరి ముందు అర్జీలు రాసే ఆయన దగ్గర కూచుని ఇరవై మూడు చరణాలూ వరసగా చెప్పి రాయించింది. ఆయన విన్నది విన్నట్టు రాశాడు. ఇరవై మంది, ఇరవై మూడు రోజులు, తవ్వ చొప్పున నాలుగు వందల అరవై తవ్వలు. అప్ప చదివి చూసుకునే సంతకం పెట్టింది. ఆ ఇరవై ఆమె కంటికి తప్పుగా కనబడలేదు. రోజూ పాడి పాడి మా అందరికీ అదే నిజంలా అయిపోయింది.

విచారణ రోజున తెల్లారగానే బయల్దేరాం. కొండల వైపు గొడవలు జరుగుతున్న కాలం అది. ఆడవాళ్ళు గుంపుగా నడిచినా జవాన్లు ఆపి అడిగేవారు. ఎక్కడికని ఒకాయన అడిగితే, "తవ్వ ధాన్యానికి బాబూ" అంది అప్ప. అతను నవ్వి వదిలేశాడు.

కచేరిలో విచారణ చేసిన అధికారి చెడ్డవాడు కాదు. ఆ మాట రాయాలి. మమ్మల్ని కూచోమన్నాడు. మీ దగ్గర రాతలేమైనా ఉన్నాయా అని అడిగాడు. పాట ఉందన్నాం. గుమాస్తాలు నవ్వితే ఆయన వాళ్ళని ఆపి, పాడమన్నాడు. అప్ప ఎత్తుకుంది, మేము అందుకున్నాం. ఇరవై మూడు చరణాలూ అయ్యేదాకా ఆయన అర్జీలో వేలు పెట్టుకుని వింటూనే ఉన్నాడు. మడి తరవాత మడి, రోజు తరవాత రోజు, ఒక్కటి తప్పలేదు. పెద్దరైతు తరఫున వచ్చిన ఆయన బావమరిది ముఖం కిందికి దిగింది. గెలిచామనే అనుకున్నాం.

అప్పుడు ఆ అధికారి కళ్ళెత్తి మమ్మల్ని చూశాడు. పెదవులు కదపడం చూశాను. లెక్కపెడుతున్నాడు.

"పదిహేడు మందే వచ్చారు. మిగతా ముగ్గురేరి?"

 మాలో ఒకావిడ, "కడుపుతో ఉన్నారు బాబూ, నడవలేక రానేదు" అంది.

"ముగ్గురూనా? సరే, పేర్లు చెప్పండి."

ఆవిడ నోట్లోకి ఒక పేరు వచ్చి ఆగిపోయింది.  ముగ్గురు లేని మనుషులకి పేర్లు పెట్టి, ఒక్కొక్కరికి ఇరవై మూడు తవ్వలు కట్టడం నావల్ల కాలేదు. లేచి నిలబడ్డాను.

"ముగ్గురు లేరండి. పదేడుమందిమే. పాటలో దిష్టికి కలిపినాము." మొలలోంచి తాడు తీసి బల్ల మీద పెట్టాను. "ఇదండి అసలు లెక్క. మూడొందల డెబ్బైతొమ్మిది."

బావమరిది పెద్దగా నవ్వాడు. "అయ్యా, పాట నాలుగొందల అరవై అంటన్నాది, తాడు ఇంకోటి అంటన్నాది. రేపు సీపురుకట్ట పట్టుకొస్తారు, అదేటంటాదో!"

అధికారి నా తాడుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ముడులు లెక్కపెట్టలేదు. అర్జీ ఒకటి చెబుతూ, మనిషి ఒకటి చెబుతూ ఉంటే దేని మీద ఉత్తర్వు రాయమంటారని అడిగాడు. రాతపూర్వకమైన ఆధారం లేనందున, ఉన్న ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగనందున, అని రాసి అర్జీ కొట్టేశాడు.

తిరుగు దారిలో నన్ను తిట్టని మనిషి లేదు. "నిజిం సెప్పేసినాది, సత్తెకాలపు మనిసి!" అంది ఒకావిడ. "తాడుకి ముడులెయ్యడం కాదు, నోటికెయ్యాల" అంది ఇంకొకావిడ. అప్ప అందరికంటే ముందు నడుస్తోంది. నాలుగు మైళ్ళ దాకా వెనక్కి తిరగలేదు. నాకు ఆమె తిట్టే తిట్టు ఒక్కటే లెక్క. దానికోసం కాచుకుని నడిచాను.

ఒక కల్వర్టు దగ్గర ఆగింది. "ఇటు రాయే" అంది. దగ్గరికి వెళ్ళాను.

"పదేడని నీకు ముందే తెలుసు గదా. నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే దిష్టని తిడతారని."

"మరి అక్కడెందుకు సెప్పినావు?"

"పేర్లడిగినాడప్పా."

 "నీ తాడు సరిగ్గానే ఉన్నాది. నా పాటే అబద్దం సెప్పినాది" అంది అప్ప, అందరికీ వినిపించేలా. "మన దగ్గర గొంతున్నాది, లెక్కున్నాది. కాయితం లేదు. కచేరీలో ఆళ్ళకి కావలసింది కాయితం. అదెలాగుంటాదో నాను నేర్సుకుంటాను."

ఎవరో "ఈ వయిసులోనా?" అన్నారు. "ఇరవై నాలుగు" అంది అప్ప. ఈసారి ఏమీ కలపలేదు.

మూడో రోజున పెద్దరైతు మాలో ఐదుగురిని కబురు పెట్టి పిలిచాడు. నా మీద కోపంగా ఉన్న ఐదుగురినీ ఏరుకున్నాడు. వాళ్ళ రాశి వాళ్ళకి కొలిచి ఇచ్చి, ఇక రావలసింది లేదని కాగితం మీద వేలిముద్రలు తీసుకున్నాడు. ఎవరికెన్ని రోజులో తేల్చడానికి తన మనిషిని నా దగ్గరికే పంపాడు. కచేరిలో తన బావమరిది ఎగతాళి చేసిన తాడుని ఇంట్లో నమ్మాడన్నమాట. ఇద్దరికి ఇరవై మూడేసి, ఒకరికి ఇరవై రెండు, ఒకరికి ఇరవై ఒకటి, ఒకరికి ఇరవై. మొత్తం నూట తొమ్మిది తవ్వలు. తాడు చూసి చెప్పాను. ఎందుకు చెప్పావని మా అమ్మ కొట్టినంత పని చేసింది. వాళ్ళది వాళ్ళకి రావాలి కదా మరి.

మరుసటి ఏడు ఉభాలకి అందరం మడిలో దిగాం. అప్ప కొసన నిలబడింది, పాట ఎత్తుకోలేదు. గట్టు మీదున్న పెద్దరైతు కాసేపు చూసి, "గొంతు పోనాదేటే?" అన్నాడు.

"గొంతుంది బాబూ. తలకొట్టు కుంచంలో పాట పట్టదు. రాశిలో అయితే పడతాది."

పాట లేకుండా నాటితే ఏమవుతుందో మాకూ అప్పుడే తెలిసింది. వరస వంకరపోయింది. ఒకరి కాలు ఒకరు తొక్కాం. మధ్యాహ్నానికి కావలసిన మడి పొద్దు గుంకినా సగం మిగిలింది. కావాలని చెయ్యలేదు, పాట లేకపోతే చేతులకి దారి తెలియలేదు. కాలవ నీటి వంతు దాటిపోతోంది, నారు ముదురుతోంది. నాలుగో రోజు సాయంత్రం కుంచం మీద కర్ర లాగలేదు. రాశి పోసి ఇచ్చారు.

"ఇయ్యాల నించీ ఇదే" అన్నాడు పెద్దరైతు. "పోయినేటిది ఎత్తకండి."

"సాల్లేవే, వచ్చింది గదా" అన్నారు మావాళ్ళు.

"ఈయేటిది ఈయేటికి" అంది అప్ప. "పోయినేటిది కాయితం మీనే ఉంటాది." అప్పటికే తాడులోని ముడులన్నీ నాచేత చెప్పించి, ఒక్కొక్కరి పేరునా ఎన్ని రోజులో నోటు పుస్తకంలో రాసింది. అప్పటినుంచి ఏ రోజు కూలి ఆ రోజే రాసేది.

మర్నాడు పాట ఎత్తుకుంది. "పదేడుమందిమి" అని పాడింది. ముసలావిడ గుండె బాదుకుంది. అప్ప నారుకట్ట మీద కాటుకతో ఒక చుక్క పెట్టి, "దిష్టికి ఇది సాలు పిన్నీ. లెక్కలో కలపకు" అంది. ఆ ఏడు ఉభాలు అయ్యాక నేను మళ్ళీ లెక్కపెట్టాను. పదిహేడు మందిమీ ఉన్నాం.

చదువుకి పదకొండేళ్ళు పట్టింది. మెట్రిక్కి ప్రైవేటుగా కడితే తొలిసారి లెక్కల్లోనే తప్పింది. ఆ పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. ఆమె చదివి వినిపిస్తుంటే ముందు నేను నేర్చుకుని, తరవాత ఆమెకి చెప్పాను. రెండోసారి గట్టెక్కింది. సాలూరు నుంచి గజపతినగరం దాకా ఎక్కడ ఆడవాళ్ళు నలుగురు చేరినా పాడడానికి పిలిచేవారు. వాళ్ళిచ్చినదే పరీక్ష ఫీజు. బి.ఏ. కూడా ప్రైవేటే. లా చదవడానికి చీపురుపల్లిలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళింది. పెట్టె పాత రేకు పెట్టే. నల్లకోటు వేసుకున్న కొత్తలో కోర్టు ఆవరణలో మగ ప్లీడర్లు, "లాయరమ్మా, ఒక చరణం పాడకూడదా" అని ఆటపట్టించేవారు. "ఊరికే పాడతానండి, మీ మీద కడతాను, సరేనా?" అనేది. తరవాత ఎవరూ అడగలేదు.

మనోవర్తి కేసులూ, కూలి కేసులూ ఆమె దగ్గరికే వచ్చేవి. వచ్చిన ఆడవాళ్ళని ముందు అడిగే మాట ఒక్కటే. "ఎన్నాళ్ళు, ఎంత, ఉన్నది ఉన్నట్టు సెప్పు. నాకు కలిపి సెప్పకు."

మా దావా సంగతి ఒకసారి నేనే ఎత్తాను. ఆమె చట్టం పుస్తకం తెరిచి చూపించింది. మూడేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి, కాలదోషం పట్టిందని చెప్పింది. నా ముఖం చూసి, "దావా వెయ్యడానికే గడువు పోయినాది. బాకీ పోలేదు" అంది. "కోర్టు ఇప్పించలేదు, అంతే. ఇవ్వవలసిన మనిసి ఇవ్వవలసిందే."

పెద్దరైతు అప్పటికి పోయాడు. ఇద్దరం వాళ్ళబ్బాయి దగ్గరికి వెళ్ళాం. అతను కుర్చీలు వేయించాడు, టీ ఇప్పించాడు. "నాన్నా లేరు, ఆ కుంచాలూ లేవు. ఇప్పుడంతా కేజీలే కదమ్మా" అన్నాడు. తవ్వ ధాన్యం ఎంత తూగుతుందో కాటా మీద తూచి తెచ్చిన చీటీ అతని ముందు పెట్టాను. చూద్దామన్నాడు. మేము ఏటా ఉభాలకి ముందు ఒకసారి వెళుతున్నాం. ఏటా చూద్దామంటున్నాడు.

రాశి అందని మిగతా పన్నెండు మందిలో నలుగురు పోయారు. వాళ్ళ వాటా వాళ్ళ కూతుళ్ళ పేర రాసుకున్నాం. వడ్డీ కట్టలేదు, ఏదీ కలపలేదు. ఈ రోజుకి రావలసింది రెండు వందల డెబ్బై తవ్వలు, అంటే ముప్పై మూడు కుంచాల ఆరు తవ్వల ధాన్యం.